అపార్ట్‌మెంట్లో ఎలుకలు: మందు పెట్టినా మళ్లీ ఎందుకొస్తాయి?

వంటింట్లో ఎలుక కనబడగానే చాలామంది చేసే మొదటి పని కిరాణా కొట్టుకెళ్లి మందు బిళ్లలు తేవడం. రాత్రి పడుకోబోయే ముందు స్టవ్ గట్టు కింద ఒకటి, ఫ్రిజ్ వెనక ఒకటి పెడతారు. రెండు మూడు రోజుల్లో బిళ్లలు మాయమవుతాయి, వారం తిరిగేసరికి అటక మీద చప్పుడు ఆగిపోతుంది, హమ్మయ్య పీడ వదిలిందనుకుంటారు. నెలా రెండు నెలలు గడవగానే మళ్లీ అదే చప్పుడు, బియ్యం సంచికి మళ్లీ కన్నం. మందులో పవర్ లేదనో, కల్తీదిచ్చారనో అనుకుని ఈసారి ఇంకో కంపెనీది తెస్తారు. నిజానికి చాలాసార్లు మందులో లోపమేమీ ఉండదు. చచ్చిన ఎలుక ఏ దారిన లోపలికొచ్చిందో ఆ దారి తెరిచే ఉంది, ఏ తిండి కోసం వచ్చిందో ఆ తిండి అక్కడే ఉంది. ఖాళీ అయిన చోటులోకి పైపులు నడిచే డక్ట్‌లోంచో, కింద పార్కింగ్‌లోంచో ఇంకోటి వచ్చి చేరింది, అంతే.

చంపుకుంటూ పోతే ఎప్పటికైనా అయిపోతాయిలే అనుకోవడానికి వీల్లేదు. ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలే. ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు మామూలు, ఎనిమిది కూడా పెడుతుంది. చిట్టెలుక పిల్ల ఆరు వారాలకే ఈడుకొస్తుంది, పెద్ద రకం ఎలుక అయినా మూడు నెలల లోపే మళ్లీ పిల్లల్ని కనడానికి సిద్ధమవుతుంది. సగం ఎలుకల్ని చంపితే మిగిలిన సగానికి తిండి రెట్టింపు దొరుకుతుంది, గూళ్లు ఖాళీ అవుతాయి, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. అందుకే ఇల్లు కట్టుదిట్టం చేయకుండా ఎంత మందు పెట్టినా డబ్బులు పారబోయడమే అవుతుంది. నగరంలో ఎలుకల బెడద ముందు కన్నాల సమస్య, ఆ తర్వాత తిండి సమస్య, మందు సంగతి ఆ రెండింటి తర్వాతే. మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

ముందు వచ్చిందేమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకే ఉపాయం పని చేయదు. మన నగరాల ఇళ్లలో ముఖ్యంగా మూడు రకాలు తిరుగుతాయి. చిట్టెలుక అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాని పెంటికలు బియ్యపు గింజంత, కొసలు సూదిగా ఉంటాయి, కప్‌బోర్డుల్లోనో ఫ్రిజ్ వెనకో కాపురం పెట్టి ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఇంటి ఎలుక దానికంటే బాగా పెద్దది, తోక ఒంటికంటే పొడుగు, పైపులు, కేబుల్ వైర్లు, చెట్ల కొమ్మలు పట్టుకుని ఐదో అంతస్తుకైనా ఎక్కుతుంది. అటక మీద, ఫాల్స్ సీలింగ్‌లో రాత్రిపూట పరుగులు వినబడితే అది దాదాపు ఇదే, పెంటికలు అర అంగుళం దాకా ఉంటాయి. ఇక పందికొక్కు ఎక్కడం కంటే తవ్వడంలో గట్టిది. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లు, సెల్లార్లు, మ్యాన్‌హోళ్లు, ప్రహరీ గోడ పక్కన మట్టి పోగులు దాని ఇలాకా. తెల్లారేసరికి టైల్ పక్కన పిడికెడు కొత్త మట్టి పైకొచ్చి ఉంటే అది పందికొక్కు పనే.

వీటి మధ్య పాపం చుంచు కూడా దెబ్బలు తింటుంది. ముక్కు పొడుగ్గా, కళ్లు చిన్నగా ఉండి, గోడ వారన కీచుకీచుమంటూ పరుగెత్తి వెనక ఘాటైన కంపు వదిలి వెళ్లేది చుంచు. చూడ్డానికి ఎలుకలా ఉన్నా అది ఎలుక జాతి కాదు, వైర్లు కొరకదు, బియ్యం సంచుల జోలికి పోదు, బొద్దింకల్ని పురుగుల్ని తింటుంది. దాని కోసం గింజల మందు పెట్టడం దండగ. చీపురుతో బయటికి తోలేసి, అది దూరిన తలుపు కింది సందు మూసేస్తే పని అయిపోతుంది.

అసలు నాలుగో అంతస్తు ఫ్లాట్‌లోకి ఎలుక ఎలా వస్తుంది? ఇది తెలియాలంటే సింకు కింద తలుపు తెరిచి, డబ్బాలన్నీ పక్కకు జరిపి, టార్చి వేసి గోడ వైపు చూడాలి. ఒకటిన్నర అంగుళాల పైపు కోసం ప్లంబర్ సుత్తితో మూడు అంగుళాల కన్నం కొట్టి ఉంటాడు. పైపు దింపాక చుట్టూ మిగిలిన సందుకు ఓ ప్లాస్టిక్ రింగు తగిలించి ఉంటాడు, చాలా ఇళ్లలో అదీ ఉండదు, వేలు పెడితే నేరుగా డక్ట్‌లోని చల్లగాలి తగులుతుంది. చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత కన్నం, అంటే ఆరు మిల్లీమీటర్లు చాలు. పెద్ద ఎలుకకు అర అంగుళం దాటితే సరిపోతుంది, తల పట్టిందంటే ఒళ్లు దానంతటదే ఇమిడిపోతుంది. మూడు అంగుళాల కన్నం వదిలేసి ఎలుక ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోవడం మన వంతు.

డక్ట్ అంటే బిల్డింగ్ కింది నుంచి టెర్రస్ దాకా పైపులు నిలువునా నడిచే ఆ ఇరుకు చీకటి సందు. ఎలుకకు అది మెట్ల దారి. పైపు పట్టుకుని ఎక్కుతుంది, ఒక్కో అంతస్తులో ఒక్కో వంటింటి వాసన చూస్తుంది, ఎక్కడ సందు ఉంటే అక్కడ దిగుతుంది. ఏసీ రాగి పైపు కోసం కొట్టిన కన్నం ఇంకో దారి, ముఖ్యంగా ఏసీని ఒక గదిలోంచి ఇంకో గదికి మార్చాక పాత కన్నానికి పేపరు ఉండ కుక్కి వదిలేసిన చోట. వంటింటి చిమ్నీ గొట్టం బయటికి తెరుచుకునే చోట మూతరెక్క విరిగిపోతే, లోపల పేరుకున్న నూనె జిడ్డు వాసనకు ఎలుక అందులోనే దిగుతుంది. బాత్‌రూమ్ వెంటిలేటర్‌లో ఒక గాజు పలక ఊడిపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల సందు, యుటిలిటీ తలుపు కింద అంగుళం ఖాళీ, ఇవన్నీ రోజూ కళ్లెదుటే ఉన్నా పట్టించుకోని దారులు. వాషింగ్ మెషీన్ నీళ్లు పోవడానికి నేల మీది జాలీ తీసేసి పైపు దింపేసే అలవాటు కూడా అంతే, ఆ జాలీ లేని కన్నం డ్రైనేజీ ఎలుకకు తలుపు తీసి పెట్టినట్టే. ఎలుక బాగా ఈదుతుంది, నీళ్లలో ఊపిరి బిగబట్టి పైపుల్లో వంకలు దాటుతుంది, అరుదుగానైనా కమోడ్‌లోంచి పైకి రావడం కట్టుకథ కాదు.

ఏ దారిన వస్తోందో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఎలుకకు చూపు తక్కువ, మీసాలతో గోడను తడుముకుంటూ రోజూ ఒకే బాటలో నడుస్తుంది. నడిచీ నడిచీ ఆ గోడకు, పైపుకు, కన్నం అంచుకు దాని ఒంటి జిడ్డు అంటి నల్లటి మరక కడుతుంది. ఆ మరక ఎక్కడుందో దారి అక్కడే. అనుమానం ఉన్నచోట రాత్రి కాస్త టాల్కమ్ పౌడర్ పలచగా చల్లి పొద్దున్నే చూస్తే అడుగులు కనబడతాయి, ఏ వైపు పోయాయో కూడా తెలుస్తుంది. రాత్రి ఇంట్లో లైట్లన్నీ వేసి ఒకరు బాల్కనీలోంచో టెర్రస్ మీదనుంచో డక్ట్‌లోకి చూస్తే, వెలుతురు బయటికి వచ్చే ప్రతి సందూ బయటపడుతుంది.

మూసేటప్పుడు దేంతో మూస్తున్నామన్నదే అసలు విషయం. ఎలుక ముందు పళ్లు ఏడాదికి నాలుగైదు అంగుళాలు పెరుగుతాయి, అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరకాల్సిందే. గుడ్డ, పేపరు, థర్మోకోల్, చెక్క, రబ్బరు, ప్లాస్టిక్ రింగు ఇవేవీ దాని ముందు నిలవవు. డబ్బాలోంచి స్ప్రే చేసే ఫోమ్ చూడ్డానికి నిండుగా, గట్టిగా కనబడుతుంది కానీ ఎలుక దాన్ని ఒక్క రాత్రిలో తొలిచేస్తుంది. ఆ ఫోమ్ వేసి సీల్ చేశామని బిల్లు రాసే వాళ్లను లోపల జాలీ పెట్టారా లేదా అని అడగాలి. గిన్నెలు తోమే స్టీలు పీచును సందులో గట్టిగా దట్టించి, దాని మీద సిమెంటు పూస్తే నిలుస్తుంది. పల్లెల్లో పందికొక్కు కలుగులకు సిమెంటులో పగిలిన సీసా పెంకులు కలిపి కొట్టేవారు, ఆ పద్ధతి గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. వెంటిలేటర్లకు, ఎగ్జాస్ట్‌కు దోమల నైలాన్ మెష్ చాలదు, పావు అంగుళం గడుల ఇనుప జాలీ కానీ స్టీలు మెష్ కానీ స్క్రూలతో బిగించాలి. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ ఒక్కటే అయితే మూల నుంచి కొరికేస్తుంది, అల్యూమినియం పట్టీ ఉన్నది కొట్టించాలి. ఒక మేస్త్రీని పిలిచి ఒక పూట కూర్చోబెడితే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఈ పని దాదాపు తెమిలిపోతుంది. ఏడాది పొడుగునా మందు బిళ్లల మీద, కొరికిన వైర్ల రిపేర్ల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

వాషింగ్ మెషీన్ గురించి విడిగా చెప్పాలి. చాలా మెషీన్లకు అడుగు భాగం తెరిచే ఉంటుంది. లోపల చీకటి, ఎవరూ కదిలించని చోటు, మోటారు వెచ్చదనం, గూడు కట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? వైరింగ్, నీళ్ల గొట్టం రెండూ కొరికేస్తుంది, ఎలుక కొరికిన దానికి వారంటీ సాధారణంగా వర్తించదు. అడుగున బిగించే ర్యాట్ మెష్ విడిగా దొరుకుతుంది, కొన్న రోజే పెట్టించుకోవడం మేలు. వారాల తరబడి కదలని కారు బానెట్ కింద జరిగేదీ ఇదే. అక్కడ ఏ స్ప్రే కన్నా కారును రెండు మూడు రోజులకోసారి తీయడం, పార్కింగ్‌లో దాని పక్కన చెత్త డబ్బా లేకుండా చూడడం ఎక్కువ పని చేస్తాయి.

దారులు మూసే రోజునే ఇంటి లోపల బోన్లు పెట్టాలి, లేకపోతే లోపలున్నవి లోపలే చిక్కుకుపోయి ఉన్నదంతా కొరికి పెడతాయి. బోను పెట్టడంలోనూ తొందర పనికిరాదు. ఇంటి ఎలుకకు కొత్త వస్తువంటే భయం, నిన్న లేనిది ఇవాళ దారిలో కనబడితే చుట్టూ తిరిగిపోతుంది తప్ప ముట్టుకోదు. కాబట్టి మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల తిండి పెట్టి ఊరికే వదిలేయాలి, తినడం అలవాటయ్యాక అప్పుడు ఎత్తి పెట్టాలి. చిట్టెలుక మాత్రం దీనికి పూర్తిగా వేరు, కొత్తది కనబడితే వెంటనే వెళ్లి చూస్తుంది, మొదటి రాత్రే పడే అవకాశం ఎక్కువ. గది మధ్యలో పెట్టిన బోను దండగ, గోడ వారన అది నడిచే బాటలోనే ఉండాలి. ఎరగా కాల్చిన కొబ్బరి ముక్క, మసాలా వడ, ఎండు చేప, పల్లీ చిక్కీ, ఏదైనా వాసన గట్టిగా వచ్చేది పెట్టొచ్చు. అయితే పక్కనే మూత లేని పప్పు డబ్బా ఉంటే వడ కోసం బోనులోకి వచ్చే కర్మ దానికేంటి?

తిండి సంగతి అందరికీ తెలిసిందే కానీ కొన్ని చోట్లు తప్పిపోతుంటాయి. బియ్యం, పప్పులు స్టీలు డ్రమ్ముల్లోకి పోతాయి, కుక్కకు పెట్టే గింజల ప్యాకెట్ మాత్రం బాల్కనీలో అలాగే ఉంటుంది. పావురాలకు పుణ్యానికని చల్లిన జొన్నలు పగలు పావురాలు తింటాయి, మిగిలింది రాత్రి ఎలుకలకు. అన్నిటికంటే ప్రమాదం దేవుడి గది. నెయ్యి, నూనె పీల్చుకున్న ఒత్తి ఎలుకకు తినుబండారం, వెలుగుతున్నా సరే కొసన పట్టుకుని లాక్కుపోతుంది. 2020లో హైదరాబాద్ ముషీరాబాద్‌లో ఒక కార్ల సర్వీస్ సెంటర్ అగ్నిప్రమాదంలో మొదట షార్ట్ సర్క్యూట్ అనుకున్నారు, తర్వాత సీసీటీవీ ఫుటేజీ పరిశీలిస్తే ఎలుక వెలుగుతున్న ఒత్తిని ఎత్తుకుపోయి కుర్చీ మీద పడేసినట్టు తేలింది. నష్టం కోటి రూపాయల దాకా అని అప్పట్లో వార్తలొచ్చాయి. దీపం కొండెక్కే దాకా ఎవరైనా ఇంట్లో ఉండాలి, లేదా గాజు బుడ్డి ఉన్న దీపం పెట్టుకోవాలి.

ఇక మందుల దగ్గరికొద్దాం. ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకే అది కొత్త తిండిని మొదట కొంచెమే కొరికి చూస్తుంది, తేడా చేస్తే జన్మలో మళ్లీ దాని జోలికి పోదు. తినగానే పని చేసే మందులు చాలాసార్లు విఫలమయ్యేది ఇందుకే. 1948లో అమెరికాలో వార్ఫరిన్ ఎలుకల మందుగా వచ్చినప్పుడు పెద్ద మార్పు వచ్చింది, అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, మెల్లగా రోజుల తర్వాత చంపుతుంది, కాబట్టి తిన్నదానికీ జబ్బు చేసినదానికీ లంకె ఎలుకకు అందదు. పదేళ్లు తిరిగేసరికి, 1958లో స్కాట్లాండ్‌లో వార్ఫరిన్‌కు లొంగని ఎలుకలు బయటపడ్డాయి. ఆ తర్వాత అంతకంటే గట్టివి తయారు చేశారు. ఇప్పుడు కొట్లలో దొరికే బిళ్లల్లో ఎక్కువగా ఉండే బ్రోమాడియోలోన్ ఆ రెండో తరం మందే. తిన్నాక నాలుగైదు రోజుల నుంచి వారం దాకా పడుతుంది, కాబట్టి రెండో రోజు ఎలుక కనబడగానే మందు పని చేయలేదని కంగారు పడనక్కర్లేదు.

దీని మీద ఒక అపోహ బాగా పాతుకుపోయింది. మందు తిన్న ఎలుకకు దాహం వేసి నీళ్ల కోసం బయటికి పోయి చస్తుంది, ఇంట్లో వాసన రాదు అని అమ్మేవాళ్లూ చెబుతారు, కొనేవాళ్లూ నమ్ముతారు. ఇందులో నిజం లేదు. ఒళ్లు బాగోలేని ఎలుక గూట్లోకే పోతుంది, ఆ గూడు ఫాల్స్ సీలింగ్ పైనో, మాడ్యులర్ కిచెన్ వెనకో ఉంటే అక్కడే చచ్చి వారం రెండు వారాలు ఇల్లంతా కంపు కొడుతుంది. దాన్ని తీయాలంటే సీలింగ్ కోయాలి. ఫ్లాట్ లోపల మందు కంటే బోను మేలని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. మందు పెట్టక తప్పదనుకుంటే ఇంటి బయట, డక్ట్ అడుగున, సెల్లార్‌లో, తాళం వేసే బెయిట్ బాక్సుల్లో పెట్టించాలి, పిల్లలకూ కుక్కలకూ అందకుండా. మందు తిని మందకొడిగా తిరిగే ఎలుకను పట్టుకున్న పిల్లి, గుడ్లగూబ కూడా చావొచ్చని గుర్తుంచుకోవాలి.

అన్ని మందులూ ఒకటి కాదు. నల్లటి పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది, దానికి విరుగుడు లేదు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు గాల్లో తేమ తగిలినా అదే వాయువు వదులుతాయి, వాటిని మామూలు జనానికి అమ్మడానికే అనుమతి లేదు. ట్యూబుల్లో వచ్చే పసుపు భాస్వరం పేస్టు లివర్‌ను దెబ్బతీస్తుంది, తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించింది. ఈ మూడూ నివాసముండే ఇంట్లోకి రానే రాకూడదు. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఒక ఫ్లాట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్లు ఎలుకల మందు పెట్టి వెళ్లాక, ఆ రాత్రి ఏసీ వేసుకుని పడుకున్న కుటుంబంలో ఇద్దరు చిన్న పిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆస్పత్రి పాలయ్యారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టన్న సామెత ఇంత నిజమవుతుందని ఎవరూ అనుకోరు. పెస్ట్ కంట్రోల్ వాళ్లొస్తే ఏ మందు, ఏ పేరుతో, ఎక్కడ పెడుతున్నారో కాగితం మీద రాయించుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ఎవరైనా పొరపాటున మందు మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పోవాలి. బ్రోమాడియోలోన్ రకానికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది, డాక్టరుకు ప్యాకెట్ మీద పేరు చూస్తేనే అది తెలుస్తుంది. చూడ్డానికి బాగానే ఉన్నారు కదా అని ఆగకూడదు, ఈ విషాల్లో చాలావాటి ప్రభావం ఒకట్రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది.

జిగురు అట్టలు వద్దే వద్దు. వాటికి అంటుకున్న ఎలుక గంటల తరబడి కీచుమంటూ చర్మం ఊడేలా పెనుగులాడి చస్తుంది, ఆ భయంలో అక్కడంతా మలమూత్రాలు వదులుతుంది, చివరికి దాన్ని ఏం చేయాలో తెలియక బతికుండగానే చెత్తలో పడేస్తారు. కేంద్ర జంతు సంక్షేమ మండలి కూడా వీటి వాడకం వద్దని చెప్పింది. ప్లగ్‌లో పెడితే శబ్ద తరంగాలతో ఎలుకల్ని తరిమేస్తుందనే యంత్రాల మీద డబ్బు పెట్టడం అనవసరం, ఆ శబ్దం గోడలు దాటదు, సోఫా అడ్డొచ్చినా ఆగిపోతుంది, ఎలుకలు కొద్ది రోజుల్లో అలవాటు పడిపోతాయి. అమెరికా వాణిజ్య కమిషన్ 2001లోనే ఇలాంటివి తయారు చేసే, అమ్మే కంపెనీలకు ఆధారాలు లేకుండా ప్రచారం చేయొద్దని హెచ్చరిక లేఖలు పంపింది. పిల్లి చిట్టెలుకల్ని పడుతుంది, ఎదిగిన పందికొక్కు ఎదురైతే అదే పక్కకు తప్పుకుంటుంది.

ఒక్క ఫ్లాట్ వాళ్లు ఎంత చేసినా చేతికి చిక్కని భాగం ఒకటుంది. కృష్ణా, గోదావరి డెల్టాలో వరి రైతులకు ఇది బాగా తెలుసు. ఒక్కడి పొలంలో మందు పెడితే పక్క పొలం ఎలుకలు ఇటు వస్తాయి. అందుకే అక్కడ వ్యవసాయ శాఖ ఊరంతా కలిపి ఒకేసారి సామూహిక నిర్మూలన చేయిస్తుంది. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమాడియోలోన్ కలిపి పొట్లాలు కట్టి, ముందు రోజు కలుగులు మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలో మాత్రమే వేస్తారు. తెరుచుకున్న కలుగు అంటే లోపల ఎలుక ఉన్నట్టు లెక్క. కలుగు తవ్వి, పొగ పెట్టి ఎలుకల్ని పట్టడంలో తరతరాల నేర్పున్న యానాదులు కూడా ముందు బతికున్న కలుగేదో చూశాకే గడ్డపార వేస్తారు. ఆ క్రమశిక్షణ నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఎందుకుండదు? రెండో అంతస్తు వాళ్లు మందు పెడితే ఎలుకలు మూడో అంతస్తుకు పోతాయి, వాళ్లు పెడితే తిరిగి వస్తాయి. అసోసియేషన్ మీటింగుల్లో సీసీ కెమెరాల గురించి గంటలు మాట్లాడతారు, డక్ట్ అడుగున ఇనుప జాలీ వేయించడం మాత్రం ఏ అజెండాలోనూ ఉండదు.

అసోసియేషన్ చేయాల్సినవి పెద్ద పనులేం కావు. డక్ట్ అడుగు తలుపుకు రేకు కొట్టించడం, పగిలిన చాంబర్ మూతలు మార్చడం, గోడను ఆనుకున్న కొమ్మల్ని మీటరు దూరం దాకా కొట్టించడం, టెర్రస్ మీది పాత సామాను తీయించడం, అన్ని ఫ్లాట్ల పైపు సందుల్ని ఒకే వారంలో ఒకే మేస్త్రీతో మూయించడం. అన్నిటికంటే ముఖ్యం చెత్త వేళ. హైదరాబాద్‌లో 2015 నుంచి స్వచ్ఛ ఆటోలు ఇంటింటికీ తిరుగుతున్నాయి, ఆటో వచ్చేది పొద్దున. చాలా బిల్డింగుల్లో చెత్త కవరు తలుపు బయట పెట్టేది మాత్రం ముందు రాత్రి పది గంటలకు. ఎలుకలు తిండికి బయల్దేరే సమయం సరిగ్గా అదే, రాత్రంతా కారిడార్‌లో వాటికి బంతి భోజనం. ప్లాస్టిక్ కవరు బదులు గట్టి మూత ఉన్న డబ్బా వాడి, పొద్దున్నే బయట పెట్టే పద్ధతి ఒక్కటి తెచ్చినా తేడా నెలలో కనబడుతుంది. వీధి చివర చికెన్ షాపు వ్యర్థాలు, టిఫిన్ బండి మిగులు మురుక్కాలవలో పడుతుంటే మాత్రం అది మున్సిపాలిటీ చేయాల్సిన పనే, ఫిర్యాదు చేస్తూనే ఉండాలి.

ఈ నిర్లక్ష్యం ఎక్కడిదాకా పోతుందో మన ఆస్పత్రులే చూపించాయి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయాడు. 2022లో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో మంచం మీద కదల్లేని రోగి కాళ్లూ చేతులూ ఎలుకలు కొరికాయి. ఇలాంటివి జరిగినప్పుడల్లా బోన్లు పెట్టిన ఫొటోలు, పట్టిన ఎలుకల లెక్కలు వస్తాయి. పట్టిన ఎలుకల లెక్క కాదు అడగాల్సింది, ఎన్ని కన్నాలు మూశారని.

జబ్బుల విషయంలో అతిగా భయపడనక్కర్లేదు, అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు కాలి పగుళ్లకు, గాయాలకు తగిలితే లెప్టోస్పిరోసిస్ వస్తుంది. వానలకు సెల్లార్‌లో నిలిచిన మురికి నీళ్లలో నడిచిన వారం పది రోజుల్లో గట్టి జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం ఉంటే ఆ నీళ్ల సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది, ముదిరితే కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి. ఎలుక కొరికితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎలుక కాటుతో రేబిస్ రావడం అత్యంత అరుదు, కానీ టెటనస్, గాయం చీము పట్టడం లాంటివి ఉంటాయి కాబట్టి వదిలేయకూడదు. అటక మీది పెంటికల్ని పొడిగా చీపురుతో ఊడవడం పెద్ద పొరపాటు, ఆ దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిటికీలు తెరిచి, మాస్కు, గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి.

అద్దె ఇళ్లలో ఈ కన్నాలు ఎవరు మూయించాలన్న దగ్గర పని ఆగిపోతుంటుంది. పైపు చుట్టూ సందు ఇంటి నిర్మాణంలో లోపం, అది ఓనరు చూసుకోవాల్సినది. చేరే ముందే సింకు కింద, బాత్‌రూమ్ వెంటిలేటర్ దగ్గర టార్చి వేసి చూసి, అడ్వాన్స్ ఇచ్చే లోపు చేయించుకోవడం తేలిక, చేరాక అడిగితే నెలలు గడుస్తాయి. పక్క ప్లాట్‌లో పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టబోతున్నారని తెలిసినా ఇదే జాగ్రత్త వెంటనే తీసుకోవాలి. ఏళ్లుగా ఆ ఇంటి పునాదుల్లో, పాత డ్రైనేజీలో ఉన్న ఎలుకలు జేసీబీ దిగిన మొదటి రెండు మూడు రాత్రుల్లోనే చుట్టుపక్కల ఇళ్లకు చెదిరిపోతాయి. కూల్చడం మొదలుకాకముందే గ్రౌండ్ ఫ్లోర్ జాలీలు, ప్రహరీ కింది కన్నాలు, డక్ట్ తలుపు సరిచేయించి, అటు వైపు గోడ వారన బోన్లు పెట్టించి, శిథిలాలు ఎత్తేసే దాకా రోజూ ఆ బోన్లు చూడమని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాలి.